ఒక్క పిచ్చుకైనను చెదరకూడదు – గ్రీనిచ్ విలేజ్ పేట సంఘము చరిత్ర

శతాబ్ది పండుగ వచ్చినప్పుడు మనము సాధారణముగా కట్టడములను జ్ఞాపకము చేసికొంటాము. పునాది రాయి ఏ సంవత్సరములో వేశారు, గంట ఏ దేశమునుండి వచ్చింది, గోపురము ఏ దొరగారి కాలములో లేచింది, మిషన్ బంగళా ఎవరు కట్టించారు అనునవి మన జ్ఞాపక సంచికలలో తప్పక కనబడే విషయములు. ఇవన్నియు వ్రాసిపెట్టుకొనదగినవే. అయితే దేవాలయము చుట్టూ ఉన్న పేటను గూర్చి మనము అంతగా వ్రాయము. ఆదివారము దేవాలయములో కూర్చుండేవారు ఆ పేట ఇండ్లలోనుండి నడచి వచ్చినవారే. వారి పిల్లలు ఆ సందులలోనే ఆడుకొన్నారు. వారి పెండ్లి ఊరేగింపులు, భూస్థాపన ఊరేగింపులు ఆ వీధుల గుండానే సాగినవి. పేట చెదరిపోతే దేవాలయపు గోడలు నిలిచియున్నా లోపల పాడేవారుండరు.

ఈ కారణము చేతనే మన డయాసిస్ నూరేండ్ల సంచికలో ఒక పరదేశపు పేట చరిత్రను వ్రాయుటకు పూనుకొన్నాను. ఆ పేట న్యూయార్క్ నగరములోని గ్రీనిచ్ విలేజ్. 1950, 1960 దశకములలో అక్కడి సామాన్య గృహస్థులు, గృహిణులు, అంగడివారు సంఘములుగా ఏర్పడి, పలుకుబడిగల అధికారులను ఎదుర్కొని, తమ వీధులను కాపాడుకొన్నారు. వారు ఏలాగు గెలిచారన్నది ఈ చరిత్రలో సగము. గెలిచిన తరువాత వారి చేతిలో ఏమి మిగిలిందన్నది రెండవ సగము. రెండు సగములును మనము తెలిసికొనదగినవే.

పేట పూర్వ చరిత్ర

మాన్‌హాటన్ ద్వీపములోని వీధులు చాలమట్టుకు చదరంగపు బల్లవలె తిన్నగా ఉంటాయి. 1811లో కమిషనర్లు గీసిన పటము ప్రకారము వేసిన వీధులవి. గ్రీనిచ్ విలేజ్ అంతకు పూర్వమే ఒక పల్లెగా వెలసినది. అందుచేత దాని పడమటి భాగములో వీధులు మన పాత పట్టణముల సందులవలె వంకర టింకరగా తిరుగుతాయి. 1822లో దిగువ నగరములో ఎల్లో ఫీవర్ అను ప్రాణాంతక జ్వరము వ్యాపించినప్పుడు అనేకులు ప్రాణభయముతో ఈ పల్లెకు తరలివచ్చారు. ఆ దినములలోనే హడ్సన్ వీధిలో సెయింట్ లూక్స్ దేవాలయము కట్టబడింది.

పేటకు నడిబొడ్డున వాషింగ్టన్ స్క్వేర్ అను పార్కు ఉన్నది. 1797 మొదలు 1825 వరకు అది బీదలను, దిక్కులేనివారిని పాతిపెట్టిన శ్మశానభూమి. తరువాత కవాతు మైదానమైనది, ఆ పిమ్మట పార్కు అయినది. పార్కునకు దక్షిణమున జడ్సన్ మెమోరియల్ చర్చి ఉన్నది. ఈ పేరు మనకు క్రొత్తది కాదు. బర్మా దేశమునకు వెళ్లిన బాప్టిస్టు మిషనెరీ అదోనిరాం జడ్సన్ గారి జ్ఞాపకార్థము ఆయన కుమారుడైన ఎడ్వర్డ్ జడ్సన్ గారు 1890 ప్రాంతములో దీనిని కట్టించారు. తండ్రి జడ్సన్ గారు 1813లో మన మద్రాసు రేవునుండియే ఓడనెక్కి రంగూను చేరారు. ఆయనను పోషించిన అమెరికన్ బాప్టిస్టులే 1835లో శామ్యూల్ డే గారిని తెలుగువారి మధ్యకు పంపారు. కనుక ఈ పేట మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఇరువదవ శతాబ్దము నడిమికి ఈ పేటలో ఇటలీనుండి, ఐర్లండునుండి వచ్చిన కుటుంబములు, ఓడరేవు కూలీలు, చిల్లర వర్తకులు, రచయితలు, చిత్రకారులు కలసి కాపురముండేవారు. అనేక ఇండ్లలో క్రింద అంగడి, పైన నివాసము. ఇండ్లు పాతవి, అద్దెలు తక్కువ. పటముల మీద చూచు అధికారుల కంటికి ఇది పాతబడిన పేటగా కనబడింది. అందులో బ్రతుకుతున్నవారికి అది ఇరుగుపొరుగు.

పార్కు మధ్య రోడ్డు

ఆ కాలములో న్యూయార్క్ నగరములో రోడ్లు, వంతెనలు, పార్కులు నిర్మించు అధికారము చాలవరకు రాబర్ట్ మోజెస్ అను ఒక్క మనిషి చేతిలో ఉండేది. ఏ ఎన్నికలోను గెలువకపోయినా ఒకే కాలమందు అనేక పదవులు నిర్వహించినవాడు. అతని పేరు మన మోషే పేరే. అయితే ఈ మోజెస్ ప్రజలను నడిపించుటకంటె మోటారు కార్లను నడిపించుటకే ఎక్కువ శ్రద్ధ చూపాడు. అతని సంకల్పములలో వాషింగ్టన్ స్క్వేర్ పార్కు నడుమనుండి కార్లకు రోడ్డు వేయుట ఒకటి.

1952లో ఈ సంగతి తెలిసి షర్లీ హేస్ అను గృహిణి, నలుగురు కుమారుల తల్లి, పొరుగువారిని కూడగట్టి ఒక కమిటీ ఏర్పరచింది. పార్కు మా పిల్లలు ఆడుకొను చోటు, దానిని రెండుగా చీల్చుటకు ఒప్పుకొనమని వారి మనవి. అధికారులు పలుమార్లు రాజీ చూపారు. రోడ్డు వెడల్పు తగ్గిస్తామన్నారు, పల్లములో దించి వేస్తామన్నారు. పెద్దమనుషులు కొందరు ఈ రాజీకి మొగ్గు చూపారు. షర్లీ హేస్ మాత్రము ఒక్క రోడ్డైనను వద్దు, ఉన్న బండ్ల దారిని కూడ మూసివేయండి అన్నది. కొందరికి ఇది మొండితనముగా తోచింది గాని చివరకు అదే మాట నిలిచింది. మాజీ ప్రెసిడెంటు గారి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ గారు వీరి పక్షమున మాటలాడారు. పేట పిల్లలు సయితము అర్జీలపై సంతకములు సేకరించారు. 1958 నవంబరు 1న పార్కులోనికి కార్లు రాకుండ దారి మూసివేశారు. మొదట పరీక్షార్థము చేసిన ఈ ఏర్పాటు మరుసటి సంవత్సరము స్థిరమైనది. 1963లో బస్సులు కూడ ఆగిపోయినవి. దీనిని ఎదిరించువారెవరును లేరు, కొందరు తల్లులు తప్ప అని ఒక సభలో మోజెస్ కేకలు వేశాడని అక్కడనున్న ఒకరు తరువాత జ్ఞాపకము చేసికొన్నారు. అతడు అన్నమాట నిజమే. ఆ తల్లులే గెలిచారు.

పదునాలుగు బ్లాకులు

ఆ మాటను జ్ఞాపకము చేసికొన్నది జేన్ జేకబ్స్ గారు. ఈమె 1916లో పెన్సిల్వేనియా రాష్ట్రములోని స్క్రాంటన్ పట్టణములో జన్మించింది. కాలేజీ డిగ్రీ లేదు. వాస్తుకళా పత్రిక ఒకదానిలో సంపాదకురాలిగా పనిచేస్తూ, భర్తతోను ముగ్గురు పిల్లలతోను హడ్సన్ వీధి 555 నంబరు ఇంటిలో కాపురముండేది. పూర్వము ఆ ఇంటి క్రింది భాగము మిఠాయి అంగడి. 1961 జనవరిలో ఆమె నగరములను గూర్చిన తన గ్రంథము వ్రాసి ముగించింది. ఇక కొంత విశ్రాంతి దొరుకునని తలంచుచుండగా, ఫిబ్రవరి నెల వార్తాపత్రికలో తన ఇంటితో సహా వెస్ట్ విలేజ్‌లోని 14 బ్లాకులను పునర్నిర్మాణము కొరకు పరిశీలించనున్నారని చదివింది.

ఈ పునర్నిర్మాణము అనగా ఏమిటో కొంచెము వివరింపవలెను. 1949లో అమెరికా ప్రభుత్వము ఒక గృహనిర్మాణ చట్టము చేసింది. దాని ప్రకారము నగర ప్రభుత్వము ఒక పేటను మురికివాడగా ప్రకటించి, అక్కడి ఇండ్లను నిర్బంధముగా తీసికొని, కూలగొట్టి, ఆ స్థలమును తక్కువ ధరకు నిర్మాణ కంపెనీలకు ఇవ్వవచ్చును. ఇందువలన కలుగు నష్టములో మూడింట రెండు వంతులు కేంద్ర ప్రభుత్వము భరిస్తుంది. ఉద్దేశము మంచిదే. బీదలకు మంచి ఇండ్లు కావలెనన్నదే చట్టము. కాని ఆచరణలో జరిగింది వేరు. బీదల ఇండ్లు మొదట పోయేవి, వాటి స్థానములో లేచిన మేడలలో అనేకము వారు అద్దె చెల్లించలేనివిగా ఉండేవి. మురికివాడ అను పేరు ఒకసారి పడితే చాలు. అటుపిమ్మట బ్యాంకులు అప్పు ఇవ్వవు, యజమానులు మరమ్మతు చేయించరు, ఆ విధముగా పేరు పెట్టినందువల్లనే పేట మురికివాడ అవుతుంది.

పేటవారు వెంటనే కూడుకొని వెస్ట్ విలేజ్ రక్షణ కమిటీ ఏర్పరచుకొన్నారు. ముఖ్య నాయకురాలు జేకబ్స్ గారు. అయితే ఆమె ఒక్కరే చేసినదానివలె ఈ చరిత్రను చెప్పుట న్యాయము కాదు. న్యాయవాదులు కోర్టు పని చూచారు. గృహిణులు ఇంటింటికి తిరిగి, ఎన్ని కుటుంబములున్నవి, ఇండ్లు ఏ స్థితిలో ఉన్నవి, లోపల స్నానపు గదులున్నవా లేవా అని లెక్క వ్రాసికొన్నారు. హడ్సన్ వీధిలోని లయన్స్ హెడ్ అను కాఫీ హోటలు వారికి కార్యాలయమైనది. అధికారులు మురికివాడ అన్నచోట నిజముగా ఏమున్నదో వారి లెక్కలు చూపించాయి. కోపముతో అరచినవారి మాట ఒక దినము వినబడుతుంది. లెక్క వ్రాసినవారి మాట ఫైలులో నిలిచియుంటుంది.

ఇంకొక సంగతి వారు మొదటనే గ్రహించారు. చట్టము ప్రకారము ఇట్టి పథకములకు పౌరుల పాలుపంపులు ఉండవలెను. ఒక చిన్న పార్కు ఇస్తే బాగుండును, ఒక బడి కడితే బాగుండును అని పేటవారు ఏది కోరినా, అది పథకమునకు పౌరుల సమ్మతిగా లెక్కకు వస్తుంది. అందుచేత వారు ఏమియు కోరలేదు. ముందు మురికివాడ అను ముద్ర తీసివేయండి, తరువాతనే మాటలు అన్నారు. షర్లీ హేస్ నేర్పిన పాఠము ఇక్కడ ఉపయోగపడింది.

ఒకే టైపు మిషను

ఈ పోరాటములో అందరికి జ్ఞాపకమున్న ఒక సంఘటన ఉన్నది. పునర్నిర్మాణము కావలెనని కోరుతూ పేటలో క్రొత్తగా ఒక సంఘము బయలుదేరింది. మధ్యతరగతి వారికి సహకార గృహములు కావలెనన్నది వారి ప్రకటన. ఇదే పేటవారి నిజమైన కోరిక అని అధికారులు చూపించుకొనుటకు ఇది అనుకూలముగా ఉన్నది. రక్షణ కమిటీవారు ఆ సంఘము పేర వచ్చిన కాగితములను, పథకము వలన లాభము పొందదలచిన నిర్మాణ కంపెనీ కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి పరీక్షించగా, రెండును ఒకే టైపు మిషనుపై కొట్టినవని బయటపడింది. ప్రజల పేర మాటలాడినది కంపెనీయే అని పత్రికలకు తెలిసిపోయింది.

ఆ సంవత్సరము మేయరు ఎన్నికలు. మేయరు రాబర్ట్ వాగ్నర్ గారు సెప్టెంబరులో తన పార్టీలోనే గట్టి పోటీ ఎదుర్కొనవలసివచ్చింది. ఓట్లు కావలసిన ఆ సమయములో ఆయన ఈ పథకమునకు తాను వ్యతిరేకినని ప్రకటించారు. అయినను అక్టోబరు 18న ప్లానింగ్ కమిషన్ ఆ 14 బ్లాకులు పాడుబడిన ప్రాంతమేయని తీర్మానించింది. సభలోని పేటవారు లేచి గట్టిగా అభ్యంతరము చెప్పగా పోలీసులు కొందరిని బయటకు పంపారు. కూలగొట్టుటకు నిర్ణయించిన ఇండ్ల కిటికీలకు ఇంటూ గుర్తు వేయుట అక్కడి ఆచారము. పేటవారు తమ నల్ల కండ్లద్దాలకు తెల్లని ఇంటూ గుర్తు అంటించుకొని సభలకు వచ్చారు. కూల్చేది ఇండ్లను కాదు, మమ్మునే అని చెప్పుటకు అంతకంటె మాటలు అవసరము లేకపోయింది. చివరకు 1962 జనవరి నెలాఖరున కమిషన్ తన తీర్మానమును ఉపసంహరించుకొన్నది. దాదాపు ఏడాది పోరాటము ఫలించింది.

పిచ్చుక వాగ్దానము

గెలిచిన వెంటనే చాల సంఘములు కరిగిపోతాయి. ఈ కమిటీ అట్లు చేయలేదు. మీకు కూల్చుట వద్దు సరే, మరి క్రొత్త ఇండ్లు ఎట్లు కట్టవలెనో చెప్పండి అన్న ప్రశ్నకు వారు 1963లో జవాబిచ్చారు. పేట పడమటి అంచున, పూర్వము సరుకు రైళ్లు నడిచిన ఎత్తు రైలు మార్గము తొలగించగా ఖాళీ పడిన స్థలములలో, ఐదంతస్తుల చిన్న ఇండ్లు కడితే చాలునన్నారు. ఎవరి ఇల్లు కూల్చవలసిన అవసరము లేదు. ఒక్క మనిషి కాదు, ఒక్క పిచ్చుకైనను తన చోటునుండి తొలగింపబడకూడదన్నది వారి నినాదము. బైబిలు ఎరిగిన వారికి ఈ పిచ్చుక ఎక్కడిదో చెప్పనక్కరలేదు.

నగర అధికారుల అడ్డంకులతో ఆ ఇండ్లు లేచుటకు పది సంవత్సరములకు పైగా పట్టింది. 1970 దశకము నడుమ 42 కట్టడములలో 420 ఇండ్లు పూర్తియైనవి. ఖర్చు పెరిగినందున సొగసు తగ్గింది, చూచుటకు సాదాగా ఉంటాయి. కాని మధ్యతరగతి కుటుంబములకు అవి నీడనిచ్చాయి. 2000 దశకములో యజమానులు తక్కువ అద్దెల ఒప్పందమునుండి తొలగిపోదలచినప్పుడు అద్దెదారులు తామే ఒక సంఘమై ఆ ఇండ్లను కొనుక్కొన్నారు. తండ్రులు చేసిన పని పిల్లలు మరచిపోలేదన్నమాట.

బ్రూమ్ వీధి గురువుగారు

వెస్ట్ విలేజ్ కమిటీ గెలిచిన సంవత్సరమే దానికి దక్షిణముగా ఉన్న మరొక పేటనుండి పిలుపు వచ్చింది. హడ్సన్ నది క్రిందనున్న హాలండ్ సొరంగమునుండి తూర్పు నదిపై వంతెనల వరకు బ్రూమ్ వీధి వెంబడి పది వరుసల ఎక్స్‌ప్రెస్ రహదారి వేయవలెనన్నది మోజెస్ గారి చిరకాల సంకల్పము. దానివలన దాదాపు 2,000 కుటుంబములు, సుమారు 800 వ్యాపారములు లేచిపోవలసియుండెను. ఆ దారిలోనే ఇటాలియన్ కాథలిక్కుల చిన్న దేవాలయమొకటి ఉండేది. అక్కడి గురువు ఫాదర్ జెరార్డ్ లా మౌంటెన్ గారు.

దేవాలయము పోతే మరొకచోట కట్టుకొనుటకు పరిహారము వస్తుందని ఆయన ఊరకుండవచ్చును. కాని రహదారి పటము మీద గీసిన గీత ఆ పేటను అప్పటికే చంపుచున్నదని ఆయన చూచారు. రేపు కూలునన్న ఇంటికి ఎవరు సున్నము వేయిస్తారు? రేపు లేచిపోవు అంగడికి ఎవరు అప్పిస్తారు? విశ్వాసుల కుటుంబములు ఒకటొకటిగా వెళ్లిపోతాయి. ఆయన జేకబ్స్ గారిని తమ సభకు ఆహ్వానించారు. ఆమె వచ్చి విన్నది, తరువాత అనేక పేట సంఘములు కలసిన ఉమ్మడి కమిటీకి నాయకత్వము వహించింది. ఇటాలియన్ వర్తకులు, విలేజ్ రచయితలు, చిత్రకారులు, రాజకీయములలో ఒకరికొకరు సరిపడనివారు సయితము ఒకే బల్లయొద్ద కూర్చున్నారు. 1962 డిసెంబరు 11న నగర బోర్డు ఆ పథకమును త్రోసివేసింది.

ఇట్టి పథకములు ఒక్కసారితో చావవు. కొన్ని సంవత్సరములకే ఇది మరల లేచింది. 1968 ఏప్రిల్ 10న జరిగిన విచారణ సభలో జేకబ్స్ గారు వేదిక ఎక్కి నిరసన తెలుపగా గొడవ చెలరేగింది, మాటలు నమోదు చేయు యంత్రపు కాగితపు చుట్ట నేలపాలైనది, ఆమెను అరెస్టు చేశారు. 1969 జూలైలో మేయరు జాన్ లిండ్సే గారు ఆ రహదారిని శాశ్వతముగా విరమించినట్లు ప్రకటించారు. ఆ సంవత్సరము ఏప్రిల్‌లోనే గ్రీనిచ్ విలేజ్‌లోని 2,000కు పైగా కట్టడములు చారిత్రక ప్రాంతముగా ప్రకటింపబడినవి. దీనికి ఆధారమైన 1965 నాటి చట్టముపై సంతకము చేసినది మేయరు వాగ్నర్ గారే. రహదారి తప్పిపోయిన పేటలో పోత ఇనుప స్తంభముల పాత కార్ఖానా మేడలు 1973లో అదే రక్షణ పొందాయి. నేడు ఆ భాగమును సోహో అంటారు.

ఓడిపోయిన పేట

ఇంతవరకు చదివి, కష్టపడి కూడుకొంటే ఎవరైనను గెలువవచ్చునని తలంచుట సులభము. అది పూర్తి సత్యము కాదు. ఇదే నగరములో, దీనికి కొన్ని సంవత్సరముల ముందు, బ్రాంక్స్ భాగములోని ఈస్ట్ ట్రెమాంట్ అను పేట ఇదే విధముగా పోరాడింది. అక్కడ ఎక్కువగా యూదు కార్మిక కుటుంబములు నివసించేవి. 1952 డిసెంబరులో వారికి ఇండ్లు ఖాళీ చేయవలెనని ఉత్తరములు వచ్చాయి. ఒక మైలు దూరము రహదారి కొరకు 1,530 కుటుంబములు లేచిపోవలెను. లిలియన్ ఎడెల్‌స్టీన్ అను గృహిణి నాయకత్వములో పేట సంఘము ఏర్పడింది. ఇంజనీర్ల సహాయముతో వారు మరొక దారి చూపారు. రెండు వీధులు దక్షిణమునకు, పార్కు అంచుగా రహదారిని జరిపితే 19 కుటుంబములు మాత్రమే లేవవలసివస్తుంది. లెక్కలున్నవి, ఐకమత్యమున్నది, న్యాయమున్నది. 1953 ఎన్నికలలో వాగ్నర్ గారు వీరి పక్షమున నిలుతునని మాట ఇచ్చారు. మేయరైన పిమ్మట ఆ మాట నిలువలేదు. ఇండ్లు కూలినవి. ఈ చరిత్రను రాబర్ట్ కారో గారు 1974లో ప్రచురించిన మోజెస్ జీవిత చరిత్రలో విపులముగా వ్రాశారు.

అదేవిధముగా మాన్‌హాటన్‌లో నల్లజాతివారు, పోర్టోరికో ద్వీపమునుండి వచ్చినవారు ఎక్కువగా నివసించిన శాన్ హువాన్ హిల్ పేటను, లింకన్ సెంటర్ అను కళాభవనముల సముదాయము కొరకును, దానితో కూడిన నిర్మాణముల కొరకును 1950 దశకము చివర కూల్చివేశారు. అక్కడినుండి సుమారు 7,000 కుటుంబములు చెదరిపోయాయి.

అయితే గ్రీనిచ్ విలేజ్ ఎందుకు గెలిచింది? ధైర్యమొక్కటే కారణము కాదు. ఆ పేటలో పత్రికలవారు, న్యాయవాదులు, వాస్తుశిల్పులు పొరుగువారుగా ఉన్నారు. వారి మాట పత్రికలలో పడేది. ఈస్ట్ ట్రెమాంట్ దర్జీలకు ఆ పలుకుబడి లేదు. శాన్ హువాన్ హిల్ కుటుంబములకు అంతకంటె తక్కువ. గెలిచిన పేటను మెచ్చుకొనునప్పుడు ఓడిన పేట తక్కువ కష్టపడిందని ఎంచకూడదు. అందుకే ఫాదర్ లా మౌంటెన్ గారు చేసిన పని నాకు గొప్పదిగా తోచుచున్నది. తన పేటకు లేని గొంతును ఆయన పొరుగు పేటనుండి అడిగి తెచ్చుకొన్నారు. గొంతు ఉన్న పేట ఆ పిలుపునకు చెవి ఇచ్చింది.

గోడలు మిగిలినవి

ఇప్పుడు రెండవ సగము చెప్పవలెను. గ్రీనిచ్ విలేజ్ ఇండ్లు నేటికిని అట్లే ఉన్నవి. వంకర వీధులు, ఎర్ర ఇటుక గోడలు, చెట్ల నీడ, అన్నియు చట్టము నీడలో క్షేమముగా ఉన్నవి. కాని వాటిలో ఉండేవారు మారిపోయారు. జేకబ్స్ దంపతులు 1947లో 7,000 డాలర్లకు ఇల్లు కొన్న వీధిలో నేడు ఇండ్ల ధరలు మిలియన్ల డాలర్లలో పలుకుచున్నవి. ఓడరేవు కూలీ, చిల్లర అంగడివాడు అక్కడ అద్దెకైనను ఉండలేడు. సోహోలో కార్ఖానాలు పోయి చిత్రకారులు వచ్చారు, చిత్రకారులు పోయి ఖరీదైన బట్టల దుకాణములు వచ్చాయి.

బ్రూమ్ వీధి చుట్టుపట్ల లిటిల్ ఇటలీ అను పేటలో 1950లో ఇటలీ దేశములో పుట్టినవారే 2,000కు పైగా ఉండేవారు. 2009 నాటి సెన్సస్ శాఖ సర్వేలో అట్టివారు ఒక్కరును లెక్కకు రాలేదు. లా మౌంటెన్ గారు కాపాడిన దేవాలయము 2005లో ఫిలిప్పీను దేశపు క్రైస్తవుల ప్రార్థనాలయముగా మార్చబడింది. దేవాలయము నిలిచింది, ఏ కుటుంబముల కొరకు దానిని నిలిపారో ఆ కుటుంబములు మాత్రము లేచిపోయాయి. వారిలో కొందరు పిల్లల చదువులు సాగి, మంచి ఉద్యోగములు దొరికి సంతోషముగా వెళ్లినవారే. కొందరు అద్దె చెల్లించలేక వెళ్లినవారు. బుల్డోజరు ఒక దినములో చేయు పనిని అద్దె ముప్పది సంవత్సరములలో నెమ్మదిగా చేస్తుంది. దానికి వ్యతిరేకముగా సభ జరుగదు, నల్ల అద్దాలు పెట్టుకొని ఎవరును రారు, ఎందుకనగా ఏ దినమున పేట పోయిందో ఎవరికిని తెలియదు.

పేటను కాపాడినందువల్లనే ధరలు పెరిగినవని జేకబ్స్ గారిపై నింద మోపువారున్నారు. ఇది సరియైన తీర్పుగా నాకు తోచదు. అట్టి పేటలు కొద్దిగా మిగిలినందునే వాటికి గిరాకి పెరిగింది. నగరమంతట అట్టి వీధులను బ్రతుకనిచ్చియుంటే ఒక్క విలేజ్ పై ఇంత ఒత్తిడి పడియుండేది కాదు. ఆమె కమిటీయే పిచ్చుక వాగ్దానము చేసి 420 ఇండ్ల కొరకు పోరాడిందని మరువకూడదు. పాత ఇండ్లను కాపాడు పనికి చట్టము దొరికింది. తక్కువ ఆదాయము గలవారిని వారి పేటలోనే ఉంచు పనికి అంత బలమైన చట్టము దొరకలేదు. కష్టము అక్కడున్నది.

మనము నేర్చుకొనదగినవి

మన పట్టణములలోను రోడ్ల వెడల్పు, క్రొత్త వంతెనలు, వ్యాపార సముదాయములు వస్తూనే ఉన్నవి. అన్నియు చెడ్డవని నేను అనను. అంబులెన్సు వెళ్లలేని సందు ఎవరికిని మేలు కాదు. కాని గీత ఎక్కడ గీయవలెనో నిర్ణయించునప్పుడు ఆ గీత క్రింద ఉన్నవారిని ఎవరైనను అడిగారా అన్నది ప్రతిచోట అడుగవలసిన ప్రశ్న. గ్రీనిచ్ విలేజ్ చరిత్ర ఈ విషయములో మనకు నాలుగు సంగతులు నేర్పుచున్నది. ఆలస్యము కాకముందే కూడుకొనుట, కోపము కంటె లెక్కలను నమ్ముట, ఏది కోరుచున్నామో స్పష్టముగా చెప్పుట, గెలిచిన తరువాత కమిటీని మూసివేయక మెలకువగా ఉండుట. ఐదవది ఆ చరిత్రలోని లోటు నేర్పుచున్నది. కట్టడము క్షేమముగా ఉన్నదా అని చూచిన కన్నుతోనే అందులో ఎవరు మిగిలియున్నారో కూడ చూడవలెను.

మన పాస్టరేటు కమిటీల యొద్ద ఆస్తుల రిజిస్టర్లున్నవి. కాంపౌండు గోడ ఎన్ని గజములో, ఏ సర్వే నంబరులో ఉన్నదో అందులో వ్రాసియుంటుంది. దేవాలయము చుట్టుపట్ల పేటలో గత ముప్పది సంవత్సరములలో ఏ కుటుంబములు లేచిపోయాయో, ఎందుకు పోయాయో, ఎక్కడికి పోయాయో వ్రాసిన పుస్తకము మాత్రము చాలచోట్ల లేదు. వెస్ట్ విలేజ్ గృహిణులవలె మన స్త్రీల మైత్రి సభ్యురాండ్రు, యౌవనస్థులు ఒక నెల దినములు ఇంటింటికి తిరిగితే అట్టి పుస్తకము సిద్ధము కాగలదు. మన సభ్యుల ఇండ్లు మాత్రమే కాదు, పేటలోని ఇండ్లన్నియు అందులో ఉండవలెను. వెళ్లిపోయినవారిలో అద్దె కట్టలేక వెళ్లినవారెందరో తెలిసిననాడు, దేవాలయపు ఖాళీ స్థలములను, పాత బంగళాలను ఏమి చేయవలెనన్న చర్చ కూడ వేరుగా సాగుతుంది. ఈ శతాబ్ది సంవత్సరములో మన సంఘములు అట్టి పనికి పూనుకొనునుగాక.